గుండెపోటా, గుండె గాబరానా? డాక్టర్లకే రెండు వందల ఏళ్ళు పట్టిన ప్రశ్న

ఈసారి వ్యాసం కొంచెం పెద్దది. తీరిక చేసుకుని చదవండి, కుదిరితే ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళు బెంగళూరు జయదేవ ఆసుపత్రికి జనం బారులు తీరారు. అంతవరకూ డాక్టరు ముఖం చూడని కుర్రాళ్ళు కూడా ఛాతీ పట్టుకుని వచ్చారు. 2025లో హాసన్ జిల్లాలో గుండెపోటు మరణాల వార్తలు వరుసగా వచ్చినప్పుడు మైసూరు, బెంగళూరు జయదేవల్లో మళ్ళీ అదే రద్దీ. అయ్యా, అందరూ ఇలా గాబరాపడి రావద్దు అని డాక్టర్లు బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఇది ఒక వైపు. ఇంకో వైపు కూడా మనకు తెలిసిందే. "గ్యాస్ పట్టిందిలే" అని సోడా తాగి, వాము నమిలి పడుకుని, తెల్లవారేసరికి లేకుండా పోయిన మనిషి ప్రతి బంధువర్గంలోనూ ఒకరైనా ఉంటారు.

భయాన్ని గుండెజబ్బు అనుకోవడం ఒక పొరపాటు. గుండెజబ్బును భయమో గ్యాసో అనుకోవడం ఇంకో పొరపాటు. ఈ రెండూ మన చదువు తక్కువై చేస్తున్నవి కావు. లోకంలో పేరుమోసిన వైద్యులే రెండు శతాబ్దాలకు పైగా ఈ రెండింటి మధ్య తడబడ్డారు. ఆ కథ తెలిస్తే మనం ఏం చేయాలో, ఏం చేయకూడదో మనకే అర్థమవుతుంది.

మన మాటలోనే ఉన్న చిక్కు

తెలుగులో భయానికీ దిగులుకూ గుండే ఆధారం. గుండె దడదడలాడింది, గుండె జారిపోయింది, గుండె ఝల్లుమంది, గుండె ఆగినంత పనైంది అంటాం. ధైర్యానికి కూడా గుండె దిటవు అనే అంటాం. ఇందులో తప్పేమీ లేదు. భయపడితే గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది. కానీ ఒక పెద్దాయన "గుండెలో ఏదోలా ఉందిరా" అంటే అది బెంగా, జబ్బా అన్నది ఆ మాటను బట్టి తేలదు. ఇంగ్లీషువాళ్ళకూ ఇదే చిక్కు వచ్చింది.

1768: నడిస్తే వచ్చి, నిలబడితే పోయే నొప్పి

లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1768 జూలైలో అక్కడి వైద్యుల కళాశాలలో ఒక పత్రం చదివాడు. అది 1772లో అచ్చయింది. నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా మెట్ట ఎక్కుతున్నప్పుడో, భోంచేసి నడుస్తున్నప్పుడో ఛాతీలో పట్టేసినట్టు నొప్పి వస్తుంది, ఆగి నిలబడితే పోతుంది అని వర్ణించాడు. దానికి ఆంజైనా పెక్టోరిస్ అని పేరు పెట్టాడు. ఈసీజీ లేదు, స్టెతస్కోపు కూడా ఇంకా పుట్టలేదు. రోగి చెప్పింది ఓపికగా విని రాసిన వర్ణన అది. శ్రమకు వచ్చి విశ్రాంతికి పోయే నొప్పిని అనుమానించాలన్న ఆ సూత్రం ఇవాళ్టికీ చెల్లుతోంది.

అదే కాలంలో జాన్ హంటర్ అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయనకు కోపం వచ్చినప్పుడల్లా ఛాతీ నొప్పి వచ్చేది. తనకు కోపం తెప్పించగలిగిన ఏ దుర్మార్గుడి చేతిలోనైనా తన ప్రాణం ఉన్నట్టే అని ఆయనే అనేవాడట. 1793 అక్టోబరు 16న సెయింట్ జార్జ్ ఆసుపత్రి సమావేశంలో మాటామాటా పెరిగి, పక్కగదిలోకి వెళ్ళి కుప్పకూలి పోయాడు. శవపరీక్షలో గుండెకు రక్తం ఇచ్చే నాళాలు గట్టిపడి ఉన్నాయని తేలింది. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, అంటే మశూచి టీకా కనిపెట్టినాయన, చాలా ఏళ్ళ ముందే ఇది అనుమానించాడు. గురువుగారు బాధపడతారని పైకి చెప్పలేదు.

హంటర్‌ను చూసి "కోపిష్ఠి మనిషి, ఆవేశం వల్ల వచ్చే నొప్పి" అని ఎవరైనా తీసిపారేస్తే సగమే నిజం అయ్యేది. ఆవేశమూ ఉంది, లోపల జబ్బూ ఉంది.

యుద్ధం నుంచి వచ్చిన గుండెలు

ఆ తర్వాత మలుపు అమెరికా అంతర్యుద్ధంలో, 1861 నుంచి 1865 మధ్య వచ్చింది. ఫిలడెల్ఫియాలోని సైనిక ఆసుపత్రికి యువ సైనికులు వచ్చేవాళ్ళు. గుండె దడ, ఎడమ వైపు నొప్పి, ఆయాసం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం వాళ్ళ బాధలు. డాక్టర్ జేకబ్ మెండిస్ డకోస్టా మూడు వందల మందికి పైగా పరీక్షించి, 1871లో పెద్ద వ్యాసం ప్రచురించాడు. చాలామంది గుండెల్లో కవాటాల జబ్బుగానీ మరే లోపంగానీ దొరకలేదు. దీనికి ఆయన చికాకుపడే గుండె అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. జనం సైనికుల గుండె అన్నారు. తర్వాత డాక్టర్లు డకోస్టా సిండ్రోమ్ అన్నారు.

డకోస్టా నిజాయితీగల పరిశీలకుడు. చాలామందికి ముందు జ్వరమో, విరేచనాలో, విపరీతమైన సైనిక శ్రమో ఉన్నట్టు రాసుకున్నాడు. కాబట్టి అందరిదీ భయమేనని ఇవాళ మనమూ అనలేం. కానీ ఆయన ఇచ్చిన వైద్యం మాత్రం గుండె వైద్యమే. పడుకోబెట్టడం, డిజిటాలిస్ మందు ఇవ్వడం.

ఇంగ్లండులో మైయర్స్ అనే సైనిక వైద్యుడు 1870లో ఇంకో కారణం చెప్పాడు. బిగుతు చొక్కాలూ, వీపు మూటల పట్టీలూ ఛాతీని నొక్కడం వల్ల సైనికుల గుండెలు పాడవుతున్నాయన్నాడు. పట్టీల మీద అనుమానం పెట్టుకోవడానికి వీలుంది. చావు భయం మీద అనుమానం పెట్టుకోవడానికి ఆ కాలపు సైన్యంలో చోటు లేదు. సైనికుడికి భయమేమిటి?

ఈ ప్రశ్న మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. "మగాడివి, నీకు గాబరా ఏంటి?" అనే ఇంట్లో కుర్రాడు గుండె నొప్పి అని చెప్పగలడు గానీ, భయం వేస్తోందని చెప్పలేడు.

యంత్రం వచ్చాక

హాలండులోని లైడెన్‌లో విలెం ఐంథోవెన్ గుండె విద్యుత్తును గీతగా గీసే యంత్రాన్ని 1900ల మొదటి ఏళ్ళలో తయారుచేశాడు. ఇవాళ సంచిలో పట్టే ఈసీజీ అప్పట్లో గదిని నింపేసేది. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ పాత్రల్లో పెట్టుకుని కూర్చోవాలి. దీనికి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం నుంచి మళ్ళీ వేలాదిమంది ఛాతీ పట్టుకుని ఆసుపత్రులకు వచ్చారు. ఈసీజీలో ఆరితేరిన థామస్ లూయిస్‌కు వాళ్ళను చూసే పని అప్పగించారు. వాళ్ళలో ఎక్కువమంది గుండె బాగానే ఉందని ఆయన తేల్చాడు. మంచం మీద పడుకోబెట్టడం మానేసి, క్రమంగా పెంచుతూ కసరత్తు చేయించాడు. చాలామంది కోలుకున్నారు. 1918లో దీనిమీద పుస్తకం రాసి శ్రమ సిండ్రోమ్ అని పేరు మార్చాడు. గుండె జబ్బు కాదని తెలిసింది గానీ, ఏ జబ్బో ఇంకా పూర్తిగా తేలలేదు.

కూనూరులో పుట్టిన డాక్టరు

దాన్ని ధైర్యంగా చెప్పినాయనకు మన వైపుతో ఒక చుట్టరికం ఉంది. పాల్ వుడ్ 1907లో నీలగిరుల్లోని కూనూరులో పుట్టాడు. తండ్రి ఇక్కడ సివిల్ సర్వీసు ఉద్యోగి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో లండన్ మిల్‌హిల్ ఆసుపత్రిలో ఇలాంటి సైనికులను పరీక్షించి, 1941లో తన ఉపన్యాసాలు ప్రచురించాడు.

ఆయన చెప్పింది ఇది. ఈ లక్షణాలు శ్రమ వల్ల వచ్చేవాటికంటే భయం వల్ల వచ్చేవాటికి దగ్గరగా ఉన్నాయి. నొప్పి ఎడమ రొమ్ము కింద ఒక చోట పొడిచినట్టు ఉంటుంది. నిట్టూర్పులు ఎక్కువ. ఇంకా ముఖ్యంగా, "నీ గుండె బలహీనం" అని ఒక డాక్టరు నోరుజారి చెప్పిన మాటే కొందరిలో జబ్బును పాతుకుపోయేలా చేసింది. రోగికి గుండెజబ్బు ముద్ర వేయడం, పదే పదే గుండె పరీక్షలు చేయడం కూడా హాని చేస్తుందని మొట్టమొదట గట్టిగా చెప్పినవాళ్ళలో ఆయన ఒకడు.

ఇదే పాల్ వుడ్ 1962లో 54 ఏళ్ళకే గుండెపోటుతో చనిపోయాడు. భయాన్నీ గుండెజబ్బునూ విడదీసి చూపిన మనిషిని కూడా గుండెజబ్బు వదల్లేదు. "అది భయమేలే" అన్న మాట కొందరి విషయంలో నిజం కావచ్చు. అందరి విషయంలో కాదు.

అజీర్తి అనుకున్న గుండెపోట్లు

1912 వరకూ గుండె నాళంలో రక్తం గడ్డకడితే మనిషి అక్కడికక్కడే పోతాడని డాక్టర్లలో చాలామంది నమ్మకం. అలా కాదు, గుండెపోటు వచ్చి బతికేవాళ్ళూ ఉంటారని ఆ ఏడు షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ చూపించాడు. అంతకుముందు అలాంటి ఎన్నో కేసులు తీవ్రమైన అజీర్తి కింద జమకట్టేవాళ్ళు.

ఆ అలవాటు అంత తొందరగా పోలేదు. 1923లో అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ యాత్రలో జబ్బుపడితే, ఆయన సొంత డాక్టరు పాడైన తిండి వల్ల అన్నాడు. ఆగస్టు 2న హార్డింగ్ చనిపోయాడు. 1955 సెప్టెంబరులో అధ్యక్షుడు ఐజన్‌హోవర్‌కు డెన్వర్‌లో అర్ధరాత్రి దాటాక ఛాతీ నొప్పి వచ్చింది. మధ్యాహ్నం ఉల్లిపాయలతో హాంబర్గర్ తిని ఉన్నాడు. మొదట బయటికి వచ్చిన వార్త కడుపులో బాగాలేదనే. మధ్యాహ్నానికి ఈసీజీ తీస్తే గుండెపోటు. ఆయన బతికి, మళ్ళీ ఎన్నికల్లో గెలిచాడు కూడా. లోకంలో అందరికంటే మంచి వైద్యం అందే మనిషికే ఇలా జరిగితే, మన గ్యాస్ మాత్రల సంగతి చెప్పేదేముంది?

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. హెబర్డెన్ తాను చూసిన వందమంది దాకా రోగుల్లో ముగ్గురే ఆడవాళ్ళు అని రాశాడు. అప్పటినుంచి ఇది మగవాళ్ళ జబ్బు అన్న అభిప్రాయం పాతుకుపోయింది. 1991లో బెర్నడీన్ హీలీ అనే హృద్రోగ వైద్యురాలు దీన్ని నిలదీస్తూ రాసింది. ఆడమనిషికి మగవాళ్ళలాంటి జబ్బే ఉందని రుజువైతే తప్ప మగవాళ్ళకు చేసే వైద్యం దొరకడం లేదని. మన ఇళ్ళలో అత్తగారో అమ్మో "ఒళ్ళంతా నీరసం, వీపు లాగుతోంది, కడుపులో తిప్పుతోంది" అంటే టెన్షన్ అనేస్తాం. ఆడవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో, వయసు పైబడినవాళ్ళలో గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా ఇలాగే రావచ్చు.

గాబరాకూ ఒక పేరు దొరికింది

భయం ఒంట్లో ఎలా పనిచేస్తుందో హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో రాసిన పుస్తకంలో వివరించాడు. ప్రమాదం ఎదురైతే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కొట్లాడటానికో పారిపోవడానికో ఒళ్ళు సిద్ధమవుతుంది. ఎదురుగా పులి లేకపోయినా అదే ఏర్పాటు మొదలైతే గుండె దడ, చెమట, వణుకు, ఊపిరాడనట్టు ఉండటం. గబగబా ఊపిరి తీసుకోవడంతో వేళ్ళలో, పెదాల చుట్టూ తిమ్మిరి. ఇవి నటన కాదు, ఒంట్లో నిజంగా జరిగేవే.

1960ల తొలినాళ్ళలో న్యూయార్క్ మానసిక వైద్యుడు డోనల్డ్ క్లైన్ ఒక ఆసుపత్రిలో కొందరు రోగులకు ఇమిప్రమైన్ అనే మందు ఇచ్చాడు. రోజుకు పలుమార్లు నర్సుల దగ్గరకు పరిగెత్తి చచ్చిపోతున్నామనేవాళ్ళు అలా పరిగెత్తడం మానేశారు. ఈ మార్పును ముందు పట్టుకున్నది నర్సులే. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం దీన్ని పానిక్ డిజార్డర్ అన్న పేరుతో విడి జబ్బుగా చేర్చింది. డకోస్టా నుంచి లెక్కేస్తే నూట తొమ్మిదేళ్ళు.

పేరు దొరకడం చిన్న విషయం కాదు. "నీకేం లేదు, పో" అనడానికీ, "నీకు ఫలానా జబ్బు ఉంది, నయమవుతుంది" అనడానికీ చాలా తేడా ఉంది.

రెండూ ఒకే ఒంట్లో

ఈ రెండూ వేర్వేరు గదుల్లో ఉండవని కూడా తర్వాత తెలిసింది. 1990లో జపాన్ వైద్యులు ఒక కొత్త గుండె బాధను వర్ణించారు. తీవ్రమైన దుఃఖమో భయమో కలిగాక గుండె కండరం తాత్కాలికంగా ఉబ్బి బలహీనపడుతుంది. ఆ ఆకారం ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉందని టకోట్సుబో అన్నారు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 2004లో వచ్చింది. పొగాకు, బీపీ, షుగరు, కొవ్వులతో పాటు మానసిక ఒత్తిడిని కూడా గుండెపోటు కారణాల్లో చేర్చింది. అదే పరిశోధనలోంచి మనకు ముఖ్యమైన ఇంకో సంగతి తేలింది. దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళ దగ్గర, మిగతా దేశాలవాళ్ళకు 59 దగ్గర వస్తోంది. కాబట్టి "ఈ వయసుకేం గుండెపోటు" అన్న మాట మనం అనకూడదు.

మనం నేర్చుకోవాల్సింది

హెబర్డెన్, డకోస్టా, లూయిస్ లాంటివాళ్ళు రోగి పక్కన కూర్చుని చేయి పట్టుకుని చూసినా లక్షణాలను బట్టి మాత్రమే తేల్చలేకపోయారు. యంత్రం, రక్తపరీక్ష వచ్చాకే తేలింది. అర్ధరాత్రి మన హాల్లో సోఫా మీద కూర్చుని మనం తేల్చగలమా?

ఒక అందాజు మాత్రం ఉంది. గాబరా పోటు చాలావరకు పది నిమిషాల్లో శిఖరానికి చేరి, అరగంటలో తగ్గుముఖం పడుతుంది. గుండెది బరువు పెట్టినట్టు, పిండినట్టు ఉండి, చేతికో దవడకో వీపుకో పాకుతుంది. నడిస్తే పెరుగుతుంది, చల్లచెమట పడుతుంది. కానీ ఇది ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పడానికి పనికొచ్చే సమాచారం మాత్రమే. ఇంట్లో ఉండిపోవడానికి ఇచ్చే అనుమతి కాదు.

మొదటిసారి వచ్చిన ఛాతీ నొప్పి, ఆయాసం, చల్లచెమట, స్పృహ తప్పడం, ఇంతకుముందు వచ్చిన గాబరాకు భిన్నంగా అనిపించేది ఏదైనా సరే వెంటనే 108కి ఫోన్ చేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్ళకండి. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యుల నియమం, కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. ఒక్క ఈసీజీ బాగుందని లేచి రాకండి. ట్రోపోనిన్ రక్తపరీక్ష మొదటి గంటల్లో మామూలుగా ఉండి తర్వాత పెరగవచ్చు. ఆగమంటే ఆగండి.

ఇక రెండో సగం. డాక్టరు అన్నీ చూసి గుండె బాగుంది అన్నాక ఆ మాటను నమ్మండి. థైరాయిడ్, రక్తహీనత కూడా దడ తెప్పిస్తాయి కనుక వాటిని చూపించుకోండి. ఆ పైన నెలకో ఆసుపత్రి, నెలకో స్కాను అని తిరగడం పాల్ వుడ్ హెచ్చరించిన దారే. గాబరా జబ్బుకు మాటల ద్వారా చేసే వైద్యమూ ఉంది, మందులూ ఉన్నాయి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ రాష్ట్రం నుంచైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మానసిక వైద్యుడి దగ్గరకు వెళితే పిచ్చి అంటారేమోనన్న భయంతో, పెళ్ళి సంబంధాలకు అడ్డమవుతుందేమోనన్న బెంగతో దాచుకుంటున్నవాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు. సైనికులు భయాన్ని వీపు మూట పట్టీల వెనుక దాచుకున్నది ఇందుకే.

చివరగా, మనలాంటి వాళ్ళకు ప్రత్యేకమైన ఒక మాట. మన ముసలివాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కంగారులో వచ్చేదీ తెలుగే. ఎదురుగా ఉన్న నర్సుకు తెలుగు రాదు. "గుండె ఏదోలా ఉంది" అన్నది ఆమెకు చేరేలోపు సమయం పోతుంది. అందుకే ఒక్కో మాట నేర్పించండి, కాగితం మీద రాసి 108తో పాటు ఫోన్ పక్కన అంటించండి. కర్ణాటకలో ఎదె నోవు. తమిళనాట నెంజు వలి, యానాం వాళ్ళు పుదుచ్చేరి దాకా వెళితే అక్కడా అదే. మహారాష్ట్రలో ఛాతీత్ దుఖతంయ్. ఒడిశాలో ఛాతిరే జంత్రణా. ఎప్పుడు మొదలైంది, నడిస్తే పెరుగుతోందా, ఎటు పాకుతోంది, షుగరు, బీపీ ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు అన్న ఐదు వివరాలు ఆ కాగితం వెనక స్థానిక భాషలో రాసి ఉంచండి.

హెబర్డెన్ చేతిలో ఏ యంత్రమూ లేకపోయినా ఆయన వర్ణన నిలబడింది అంటే, రోగి సరిగ్గా చెప్పాడు, ఆయన సరిగ్గా విన్నాడు. ఇప్పుడు యంత్రాలన్నీ ఉన్నాయి. సరిగ్గా చెప్పడం మన వంతు.